ఒకటో తారీఖు నుంచి అన్ని బ్రాంచీల్లో ఒకేసారి మార్చేయమంటున్నారు, ఏం చేయను?

ఈసారి ఉత్తరం రాసినావిడ తన పేరు, సంస్థ పేరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తాను.

యంత్రాలు రిపేరు చేసి ఇచ్చే ఒక సంస్థలో ఆవిడ ఆపరేషన్స్ చూస్తున్నారు. ఆరు బ్రాంచీలు. రిపేరుకు వచ్చిన ప్రతి మెషీన్‌కీ ఒక అట్ట జాబ్ కార్డు రాస్తారు, అవే వివరాలు మళ్లీ ఎక్సెల్ షీటులో ఎక్కిస్తారు, పార్టు కావాలంటే స్టోర్స్‌కి ఫోన్ చేస్తారు, ఎస్టిమేట్ మీద ఇద్దరి సంతకాలు పడాలి. ఆ సంతకాల కోసం చిన్న రిపేరు కూడా రెండు మూడు రోజులు ఆగిపోతోంది, కస్టమర్ ఫోన్ చేస్తే "కనుక్కుని చెప్తాం" అనడం తప్ప ఇంకో జవాబు లేదు. ఆవిడ నెలల తరబడి కూర్చుని కొత్త పద్ధతి తయారు చేశారు. వివరాలు ఒక్కసారే ఎంట్రీ చేస్తారు, ఏ మెషీన్ ఏ దశలో ఉందో అందరికీ స్క్రీన్ మీద కనిపిస్తుంది, పార్టు రిక్వెస్ట్ అందులోంచే వెళ్తుంది, చిన్న ఎస్టిమేట్లకి ఒక్క అప్రూవల్ చాలు. ఎండీకి బాగా నచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచే ఆరు బ్రాంచీల్లోనూ ఒకేసారి మొదలుపెట్టమన్నారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. పెద్ద బ్రాంచిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న సీనియర్ సూపర్‌వైజర్ మీటింగులో అందరి ముందూ లేచి మూడు ప్రశ్నలు అడిగారట. "నెట్ పోతే కౌంటర్‌లో ఏం చేయాలి? ఇప్పుడు సగం పనిలో ఉన్న మెషీన్ల కార్డులు ఏమవుతాయి? అప్రూవ్ చేసే మనిషి సెలవు పెడితే ఆ రోజు పని ఎవరు కదిలిస్తారు?" జవాబు చెప్పలేక ఆవిడకి తల తీసేసినట్టయింది. రెండేళ్ల కిందట ఇంకో మేనేజరు ఇలాగే ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి మూడో వారానికే వదిలేశారట, ఆ మాట ఇప్పటికీ అందరూ ఎత్తుతున్నారు. "జాబ్ కార్డు వెనకవైపు టెక్నీషియన్లు 'వేడెక్కాకే శబ్దం', 'ఫోన్ చేయకుండా పార్టు మార్చొద్దు' అంటూ పెన్సిల్‌తో ఇష్టమొచ్చినట్టు రాస్తుంటారు, కొత్త ఫారం వస్తే ఆ గోల వదిలిపోతుంది" అని కూడా ఒకచోట రాశారు. నెలాఖరు బిల్లింగుతో ఒకటి, రెండు తారీఖుల్లో ఎవరికీ ఊపిరి సలపదట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంట్లోవాళ్లేమో "పైవాళ్లు చెప్పింది చేసేసెయ్, నీకెందుకు టెన్షన్" అంటున్నారు. ఆవిడ అడిగేది ఇదీ: ఒకటో తారీఖుకి ఒప్పుకోవాలా? టైమ్ అడిగితే చేతకాదనుకుంటారా? ఆ సూపర్‌వైజర్‌ని ఎలా దారికి తెచ్చుకోవాలి? అసలు ఈ బాధ్యత నుంచి తప్పుకుంటేనే మంచిదా?

మీరు తయారు చేసిన పద్ధతి మీద నాకు అనుమానం లేదు. ఒకే వివరం రెండుచోట్ల రాయడం, సంతకం కోసం మెషీన్ మూలన పడి ఉండటం, ఇవి ఎవరికీ అక్కర్లేని కష్టాలు, వాటిని తీసేయాలనుకోవడం మంచి పని. కానీ పద్ధతి మంచిదైతే చాలదు, అది ఆరుచోట్లా పని ఆగకుండా, మనుషులు విసిగిపోకుండా నిలబడాలి. మీకు నిద్ర పట్టనిది దీని గురించే అనుకుంటాను, అందులో పిరికితనమేమీ లేదు. ఇంట్లోవాళ్లు మీ మీద ప్రేమతోనే అలా అంటున్నారు గానీ, ఆ రోజు ఆరు కౌంటర్ల నుంచి ఫోన్లు వచ్చేది మీకే కదా.

ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించినవి ఆ సూపర్‌వైజర్ అడిగిన మూడు ప్రశ్నలు. ఆయన అడ్డుపుల్ల వేస్తున్నారని మీరు అనుకున్నారు. అందరి ముందూ అడిగిన తీరు మిమ్మల్ని నొప్పించింది, ఆ బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఆ తీరుని కాసేపు పక్కన పెట్టి ప్రశ్నల్ని మాత్రం చూడండి. నెట్ పోయిన రోజు కౌంటర్ ముందు మెషీన్ పట్టుకుని నిలబడ్డ కస్టమర్‌కి రసీదు ఏమిస్తారు? ఈ రోజుకి ఆరు బ్రాంచీల్లో సగం విప్పి ఉన్న మెషీన్లు ఎన్నో ఉంటాయి, వాటి కార్డులు కొత్త సిస్టంలోకి ఎక్కించాలా, లేక పాత కార్డు మీదే పూర్తి చేసి పంపేయాలా? అప్రూవల్ ఇద్దరి నుంచి ఒకరికి తగ్గిందంటే, ఆ ఒక్కరూ రాని రోజు మొత్తం ఆగిపోతుంది. ఈ మూడూ మీ ప్లానులో ఉన్న నిజమైన కన్నాలు. బయటి కన్సల్టెంట్‌ని పిలిస్తే వారం పది రోజులు కూర్చుని తయారు చేసే జాబితాలో పై వరసలో ఉండేవి ఇవే, ఆయన పైసా తీసుకోకుండా మీటింగులో చెప్పేశారు.

కార్డు వెనకవైపు పెన్సిల్ రాతలు గోల కాదని నా గట్టి నమ్మకం. 'వేడెక్కాకే శబ్దం' అనే రెండు ముక్కలు చూడండి. మెషీన్ తెచ్చినవాళ్లు కౌంటర్‌లో చెప్పిన మాట అది. టెక్నీషియన్ స్విచ్ వేసి చూస్తే అప్పుడు శబ్దం రాదు, 'లోపం లేదు' అని రాసి తిప్పి పంపేస్తారు, వారంలో అదే మెషీన్ మళ్లీ వస్తుంది. ఆ రెండు ముక్కలు ఉండబట్టే అరగంట నడిపించి చూస్తున్నారు. మీ కొత్త ఫారంలో 'లోపం రకం' అని ఒక మెనూ ఇచ్చి ఉంటారు, అందులో 'శబ్దం' ఉంటుంది, 'వేడెక్కాకే' ఉండదు. ఇలాంటి రాతలకి చోటు లేని ఫారం మొదటి నెల బాగానే నడిచినట్టు కనిపిస్తుంది, రెండో నెలలో తిరిగొచ్చే మెషీన్లు పెరుగుతాయి, అది దేనివల్లో ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి ఇంకేం చేసినా చేయకపోయినా, ఫారం ఖరారు చేసేముందు ఒక్కో బ్రాంచి నుంచి ముగిసిపోయిన కార్డులు ఒక కట్ట తెప్పించి వెనకవైపు చదవండి. ఏ మాటలు పదేపదే వస్తున్నాయో చూసి వాటికి చోటివ్వండి, మిగతావాటికి ఏమైనా రాసుకునే ఖాళీ గడి ఒకటి వదలండి.

రెండో సంతకం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అది ఎప్పుడో ఎవరికో ఏదో దెబ్బ తగిలాక పెట్టినదై ఉంటుంది, ఊరికే పెట్టి ఉండరు. అకౌంట్స్‌లో పాతవాళ్లని అడగండి. ఎవరైనా ఎస్టిమేట్ తక్కువ చూపించి తర్వాత బిల్లు పెంచారా, వారంటీలో ఉన్నదానికి డబ్బు తీసుకున్నారా? కారణం తెలిస్తే దాన్ని ఇంకో దారిలో కాపాడుకోవచ్చు, ఉదాహరణకి వారానికోసారి కొన్ని ఎస్టిమేట్లు తీసి ఎవరో ఒకరు తిరిగి చూడటం. తెలియకుండా తీసేస్తే ఆ పాత దెబ్బే మళ్లీ తగులుతుంది, అప్పుడు నింద మీ పద్ధతి మీద పడుతుంది.

ఇక ఆ సూపర్‌వైజర్‌ని దారికి తెచ్చుకోవడం. ఈ ఆలోచన వదిలేయండి. మంచి పనిముట్టు కూడా పైనుంచి రుద్దితే ఏమవుతుందో వైద్యంలో స్పష్టంగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి 19 అంశాల చెక్‌లిస్టు తయారు చేస్తే, దాన్ని 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో వాడి చూసిన ఫలితాలు 2009లో వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో దాన్ని తప్పనిసరి చేశారు. అక్కడ 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రచురిస్తే, ముందుకీ తర్వాతకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. లిస్టు పాటిస్తున్నామని మాత్రం దాదాపు అన్ని ఆసుపత్రులూ చెప్పాయి. ఎందుకలా జరిగిందనే దాని మీద నిపుణుల మధ్య వాదనలున్నాయి గానీ, చాలామంది చెప్పేది ఒకటే: గడుల్లో టిక్ పెట్టడం అలవాటైంది, పని చేసే తీరు మారలేదు. మీ దగ్గరా ఇదే జరగొచ్చు. రోజంతా కాగితం మీద పని చేసి, సాయంత్రం వెళ్లేముందు ఒకరు కూర్చుని అన్నీ సిస్టంలో ఎక్కించేస్తారు, రిపోర్టులో వంద శాతం వాడకం కనిపిస్తుంది, కస్టమర్‌కి మాత్రం మళ్లీ "కనుక్కుని చెప్తాం" అనే జవాబే.

అందుకని ఆయన బ్రాంచికి వెళ్లండి, ప్రజెంటేషన్ మాత్రం తీసుకెళ్లకండి. రద్దీగా ఉండే రోజు చూసుకుని వెళ్లి, కౌంటర్‌లోకి వచ్చిన ఒక మెషీన్ వెంట పార్టు దొరికేదాకా, ఫోన్లు చేసేదాకా, చేతులు మారేదాకా నడవండి. తర్వాత ఆయనతో "మీరు అడిగిన మూడింటికీ ఆ రోజు నా దగ్గర జవాబు లేదండీ, మీరైతే ఏం చేస్తారు?" అని అడగండి. ఇలా అడిగితే చులకనైపోతామని మీకు అనిపించవచ్చు, నా అనుభవంలో ఎప్పుడూ అలా కాలేదు. ఆయన సలహా ఇవ్వొచ్చు, మొహం చాటేయొచ్చు కూడా. సలహా ఇస్తే ఆయన మాటని ప్లానులో పెట్టి, అది ఆయన చెప్పిందేనని మీటింగులో అందరి ముందూ చెప్పండి. మొహం చాటేస్తే బలవంతం చేయకండి, అదే బ్రాంచిలో స్టోర్స్ చూసే మనిషిని అడగండి, వాళ్లకి తెలియని సంగతి ఉండదు.

బ్రాంచికొకరిని పిలిచి ఒక గంట మీటింగు కూడా పెట్టండి. "ఏమైనా ఇబ్బందులుంటాయా?" అని అడగకండి, అలా అడిగితే అందరూ తలలూపి వెళ్లిపోతారు. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో ఒక వ్యాసంలో చెప్పిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. "మనం మొదలుపెట్టి మూడు నెలలైంది, ఇది ఘోరంగా దెబ్బతింది, అందరూ పాత కార్డులకే వెళ్లిపోయారు. ఎందుకలా అయిందో ఎవరికి వాళ్లు కాగితం మీద రాయండి" అని అడగాలి. దెబ్బతిన్నట్టు ముందే అనేసుకున్నాం కాబట్టి అనుమానం చెప్పినవాళ్లు ఎవరికీ చెడ్డవాళ్లు కారు. రెండేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ సంగతి అక్కడ ఎలాగూ వస్తుంది, రానివ్వండి, అది ఏ వారంలో, ఏ కారణంతో వదిలేశారో అప్పుడైనా మీకు సరిగ్గా తెలుస్తుంది.

వచ్చినవన్నీ రాసుకున్నాక ఒక్కోదానికీ మూడు సంగతులు చూడండి. జరిగితే ఎంత నష్టం, ఎంత తరచుగా జరగొచ్చు, జరిగిన సంగతి మనకి ఎంత త్వరగా తెలుస్తుంది. తయారీ రంగంలో ఎప్పటినుంచో ఈ మూడింటికీ ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి గుణించే అలవాటుంది. మీరు గుణించే పని పెట్టుకోకండి. గుణిస్తే, ఎప్పుడో ఒకసారే వచ్చినా వచ్చినరోజు కొంప ముంచేది, రోజూ వచ్చే చిన్న చిరాకు కంటే కింది వరసలోకి పోతుంది. ఆ లోపం వల్లే కార్ల పరిశ్రమ కూడా 2019లో ఆ గుణకారాన్ని పక్కన పెట్టింది. మీకు అన్నిటికంటే ముఖ్యం మూడోది. నెట్ పోతే క్షణంలో అందరికీ తెలుస్తుంది, కేకలు పడతాయి, ఏదో ఒకటి చేస్తారు. అదే స్టోర్స్‌లో ఒక పార్టు ఇచ్చి స్క్రీన్ మీద తగ్గించడం మర్చిపోతే ఎవరికీ తెలియదు. స్క్రీన్‌లో నాలుగు ఉన్నాయని నమ్మి కస్టమర్‌కి రేపిస్తామని మాటిస్తారు, రేపు చూస్తే అరలో ఒక్కటీ ఉండదు. చప్పుడు లేకుండా పెరిగే ఇలాంటివాటికి ముందు కాపలా పెట్టండి. రోజూ సాయంత్రం ఏవో పది పార్టులు చేత్తో లెక్కపెట్టి స్క్రీన్‌తో సరిచూడటం పావుగంట పని.

ఇప్పుడు తేదీ సంగతి. మీ ముందు ఒకటి కాదు, కొన్ని దారులున్నాయి, దేని కష్టం దానికుంది.

ఎండీ అడిగినట్టే ఒకేసారి మార్చడం తప్పేమీ కాదు. కొన్ని మార్పులు అలా తప్ప ఇంకోలా కుదరవు. స్వీడన్‌లో 1967 సెప్టెంబరు 3న తెల్లవారుజామున 5 గంటలకి దేశమంతా రోడ్డుకి ఎడమవైపు నుంచి కుడివైపుకి మారింది, అందులో సగం ఊళ్లు ముందు, సగం ఊళ్లు తర్వాత అంటే నడవదు కదా. కానీ అక్కడి పార్లమెంటు 1963లోనే నిర్ణయం తీసుకుని నాలుగేళ్లు సిద్ధం చేసింది, ఆ రాత్రి 1 నుంచి 6 దాకా అత్యవసరమైనవి తప్ప బండ్లు రోడ్డెక్కకుండా ఆపేసింది. ఇంకోవైపు, 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 50 లక్షల మందికి పైగా ఖాతాదారుల్ని దాదాపు ఒకే వారాంతంలో కొత్త కంప్యూటర్ వ్యవస్థకి మార్చింది. 19 లక్షల మంది దాకా తమ ఖాతాలు తెరవలేకపోయారు, 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.8 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. మీరు ఒకేసారి మార్చాలనుకుంటే రద్దీ తగ్గిన రోజులు ఎంచుకోవాలి, మొదటి వారం ప్రతి బ్రాంచిలోనూ మీరు చెప్పకుండానే సమస్య తీర్చగలిగే మనిషి ఒకరుండాలి. ఈ రెండూ లేకుండా, అదీ బిల్లింగు పీకలమీద ఉన్న ఒకటో తారీఖున మొదలుపెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. లాభం ఏమిటంటే, రెండు పద్ధతులు పక్కపక్కన నడిపే తిప్పలుండవు, బ్రాంచి నుంచి బ్రాంచికి పార్టులు పంపుకోవడం మొదటి రోజు నుంచే ఒకే లెక్కలో ఉంటుంది.

ఒక బ్రాంచిలో ముందు నడిపి చూడటం అందరూ చెప్పే దారి. నిజంగానే మంచిది, కాకపోతే ఏ బ్రాంచి అన్నదాంట్లోనే అంతా ఉంది. మీ మాట కాదనని చిన్న బ్రాంచిని తీసుకుంటే అక్కడ అంతా సవ్యంగా నడుస్తుంది, మీకు తెలిసేదేమీ ఉండదు, పెద్ద బ్రాంచివాళ్లు "అక్కడ రోజుకి నాలుగు మెషీన్లు, నడవక ఏం చేస్తుంది" అంటారు. సూపర్‌వైజర్ గారి బ్రాంచిలోనే మొదలుపెడితే, అక్కడ నిలబడింది ఎక్కడైనా నిలబడుతుంది, కానీ అక్కడ పడిపోతే మళ్లీ లేవదు. నేనైతే ఓ మోస్తరు బ్రాంచిని తీసుకుని, ఆయన్ని వారానికోసారి వచ్చి తప్పులు పట్టమని అడుగుతాను. కనీసం ఒక నెలాఖరు అందులో కలిసేలా నడపండి, నెలాఖరు చూడని పద్ధతి గురించి ఏమీ తెలిసినట్టు కాదు. కాగితం, సిస్టం రెండూ కొన్నాళ్లు కలిపి నడపాల్సి వస్తే దానికో ముగింపు తేదీ మొదటే చెప్పండి, చెప్పకపోతే జనం కాగితాన్నే నమ్ముకుని సిస్టంలో సాయంత్రం ఎక్కించే అలవాటులో పడతారు. ఈ దారిలో మీ ఎండీ విసుగుని మీరు భరించాలి. "ఇంకా ఒక్క బ్రాంచేనా?" అని నెలన్నరకే అడుగుతారు.

ఇంకో దారి ఉంది, మీ ఉత్తరం చదివితే నాకు ఎక్కువగా మొగ్గు దీనివైపే వస్తోంది. పద్ధతినే ముక్కలు చేయడం. మీ జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపిస్తున్నది సంతకాల కోసం ఆగడం. చిన్న ఎస్టిమేట్లకి ఒక్క సంతకం చాలనడానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు? ఒక మెమో చాలు. అకౌంట్స్‌తో మాట్లాడి, ఆ ఒక్కరు లేనప్పుడు ఎవరు సంతకం పెట్టాలో కూడా అందులోనే పేరుతో రాసి, ఒకటో తారీఖు నుంచి ఆరు బ్రాంచీల్లోనూ పెట్టేయొచ్చు. ఏదైనా తేడా వస్తే ఇంకో మెమోతో వెనక్కి తీసుకోవచ్చు. పని వేగం పెరిగిందని జనానికి మొదటి వారంలోనే తెలుస్తుంది, ఈవిడ తెచ్చే మార్పుతో నాకు పని తగ్గుతుందన్న నమ్మకం కుదురుతుంది, ఎండీకి ఆయన అడిగిన తేదీకే ఏదో ఒకటి మొదలైనట్టుంటుంది. ఆ తర్వాత ఎంట్రీ, స్క్రీన్ ఒక బ్రాంచిలో, పార్టుల రిక్వెస్ట్ అన్నిటికంటే చివర. దీని కష్టం ఏమిటంటే మధ్యలో ఉండే రోజులు. ఏ బ్రాంచిలో ఏది మారింది, ఏది మారలేదు అన్నది ఎవరో ఒకరు రాసి పెట్టుకుని, నిజంగా అలాగే ఉందో లేదో వెళ్లి చూసుకోవాలి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 8 సర్వర్లలో 7 మార్చి ఒకటి మరిచిపోయింది. ఆ ఒక్కదాంట్లో మిగిలిన పాత ప్రోగ్రాము దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది.

ఆ సంఘటనలో మీకు ఇంకా ఎక్కువ పనికొచ్చే సంగతి వేరే ఉంది. తప్పు జరుగుతోందని గ్రహించి, కంగారులో వాళ్లు సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాముని తీసేశారు. దాంతో పాత తప్పు ఎనిమిదింటికీ పాకింది. వెనక్కి వెళ్లడం కూడా ముందుగా నేర్చుకోవాల్సిన పనే. మీరు ఏ దారి పట్టినా సరే, మొదలుపెట్టే ముందే, బుర్రలు చల్లగా ఉన్నప్పుడే, ఏం జరిగితే ఆపాలో ఒక పేజీలో రాయండి. రెండు రోజులు వరసగా స్టోర్స్ లెక్క స్క్రీన్‌తో కలవకపోతే, ఏదైనా మెషీన్ ఎక్కడుందో గంటలోగా చెప్పలేకపోతే, ఆ రోజు డెలివరీ ఇవ్వాల్సినవాటిలో ఇన్నింటికంటే ఎక్కువ ఆగితే. ఆ అంకెలు మీరొక్కరే వేయకండి, బ్రాంచివాళ్లతో కలిసి వేయండి. ఆపమని చెప్పే అధికారం ఆ బ్రాంచి సూపర్‌వైజర్‌కే ఇవ్వండి, మీకు ఫోన్ చేసి అడగక్కర్లేకుండా. ఇది మీకు భయంగా ఉండొచ్చు, చీటికీమాటికీ ఆపేస్తారేమో అని. ఎప్పుడు ఆపాలో రాసి ఉంది కాబట్టి అలా ఆపడం కుదరదు, పైగా పగ్గాలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాళ్లు ప్రయత్నించడానికి త్వరగా ఒప్పుకుంటారు. ఆపిన రోజు కోసం ఖాళీ జాబ్ కార్డుల కట్ట, వరస నంబర్లు వేసి, కౌంటర్ కిందే ఉండాలి. ఆ రోజు కాగితం మీద రాసినవి మర్నాడు ఎవరు ఎక్కించాలో పేరు రాసి ఉండాలి. ఒక మధ్యాహ్నం నెట్ తీగ కావాలనే పీకేసి ఇదంతా నడుస్తుందో లేదో చూడండి, మీటింగులో మీరు జవాబు చెప్పలేకపోయిన మొదటి ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు ఉండదు.

సగంలో ఉన్న కార్డుల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. మొదలైన రోజు కౌంటర్‌లోకి వచ్చినవి కొత్తదాంట్లో, అంతకుముందు వచ్చినవి పాత కార్డు మీదే ముగుస్తాయి, అంతే. ఫలానా తేదీకి ఇంకా మిగిలినవి మాత్రం లెక్కపెట్టి ఎక్కించేయండి.

టైమ్ అడిగితే చేతకాదనుకుంటారా అన్నారు. ఊరికే "టైమ్ కావాలి" అంటే అనుకోవచ్చు. అలా కాకుండా ఎండీతో ఇలా చెప్పి చూడండి: "సార్, ఒకటో తారీఖుకి ఒక్క సంతకం పద్ధతి అన్ని బ్రాంచీల్లోనూ మొదలవుతుంది. మిగతాది ఒకేసారి కావాలంటే నాకు బ్రాంచికొకరు చొప్పున మనుషులు కావాలి, నెల మధ్యలో తేదీ కావాలి. లేదంటే ఒక బ్రాంచిలో ఒక నెలాఖరు దాటేదాకా నడిపి తర్వాత మిగతా ఐదింటికీ వెళ్దాం. మొదటిది త్వరగా అవుతుంది, తప్పు జరిగితే ఆరుచోట్లా జరుగుతుంది. రెండోది ఆలస్యం, తప్పు జరిగినా ఒక్కచోటే. ఏది కావాలో మీరు చెప్పండి." అప్పుడు ఆయన ఏ రిస్కు తీసుకుంటున్నారో ఆయనకే తెలుస్తుంది. అన్నీ విని కూడా "కుదరదు, ఒకటో తారీఖే, అన్నీ" అన్నారనుకోండి, సరేనని చెప్పి ఆ సాయంత్రమే మాట్లాడుకున్నవన్నీ మర్యాదగా ఒక మెయిల్‌లో పెట్టండి. 'ఈ నిర్ణయం ప్రకారం ముందుకెళ్తున్నాం, ఈ మూడు విషయాలు జరగొచ్చు, వాటికి ఈ ఏర్పాట్లు చేస్తున్నాను' అని. రేపు ఏదైనా జరిగితే అది ఎవరి నిర్ణయమో రాతలో ఉంటుంది.

ఆయనకి ముందే చెప్పాల్సింది ఇంకొకటుంది. కొత్త పద్ధతి మొదటి రెండు మూడు వారాలు పని నెమ్మదిస్తుంది. చేతులు అలవాటు పడేదాకా ఎక్కడైనా అంతే. ఈ సంగతి తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది. ఇప్పటి లెక్క కూడా ఈ వారమే తీసి పెట్టండి. ముగిసిన కార్డులు బ్రాంచికొక ముప్పై నలభై తీసి, మెషీన్ వచ్చిన రోజు నుంచి వెళ్లిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టింది, అందులో సంతకం కోసం ఎన్ని రోజులు ఆగింది, ఎన్ని తిరిగొచ్చాయి. ఇది లేకపోతే మూడు నెలల తర్వాత "ముందే బాగుండేది" అని ఎవరైనా అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక తప్పుకోవడం. అదీ ఒక దారే, దాన్ని సిగ్గుపడాల్సిన సంగతిగా చూడకండి. మీరు అడిగిన మనుషుల్ని ఇవ్వకుండా, తేదీ మార్చకుండా, నష్టం మాత్రం మీ నెత్తినే అని స్పష్టంగా చెప్పిన రోజు, మీ ఆరోగ్యం ముందు. కాకపోతే తప్పుకుంటే పద్ధతి ఆగదు, ఇంకొకరి చేతికి వెళ్తుంది, కార్డు వెనక రాతల గురించి వాళ్లకి చెప్పేవాళ్లు ఉండరు, మీరు నెలల తరబడి చేసిన పని మీద మీకు మాట మిగలదు. ఉండిపోతే కొన్ని నెలలు కష్టంగానే గడుస్తాయి. తేల్చుకోవడానికి ఎండీతో ఆ మాటలు అయ్యేదాకా ఆగండి, ఆయన జవాబు వినకుండా ఇప్పుడే తేల్చుకోవడం తొందరపాటు. తప్పుకోవాలనే అనిపిస్తే మాత్రం మొదలుకాకముందే చెప్పండి, అన్నీ అప్పగించడానికి రెండు వారాలైనా ఉండేలా. నడుస్తుండగా మధ్యలో వదిలేస్తే ఆరు బ్రాంచీల్లో జనం ఇరుక్కుంటారు, రెండేళ్ల కిందట వాళ్లు పడ్డ కష్టమే మళ్లీ పడతారు.